చట్రము – చట్టము

గోడమీది తాతగారి ఛాయాపటమును నాలుగువైపుల పట్టి నిలిపిన కొయ్యను మనము ఫ్రేము అందుము. కళ్ళజోడునకు ఫ్రేము కలదు. వీధిలో పోవు సైకిలునకు ఫ్రేము కలదు. చలనచిత్రపు ఫిలిముమీద వరుసగా నిలిచిన ఒక్కొక్క బొమ్మయు ఫ్రేమే. ధ్వనిచిత్రములు వచ్చినది మొదలు ఇవి సెకనునకు 24 చొప్పున కదలుటచేతనే తెరమీది మనుష్యుడు నడచినట్లు మన కంటికి తోచును. మగ్గములున్న ఊళ్ళకు పోయినచో, నేలలో గొయ్యి త్రవ్వి అమర్చినది గుంటమగ్గమనియు, నేలమీద కొయ్యచట్రములో నిలిపినది ఫ్రేముమగ్గమనియు నేతగాండ్రు చెప్పుదురు. ఇన్నింటికి తెలుగున మాటలు లేకపోలేదు. తలుపును మోయునది ద్వారబంధము. పలకను పట్టియుంచునది చట్రము. పడవకును, పల్లకికిని, పందిరికిని వేరువేరు పేర్లున్నవి. మన భాష వస్తువు వస్తువునకు ఒక పేరు పెట్టుకొనగా, ఆంగ్లము వీనినన్నింటిని ఒక్క మాటలో ఇమిడ్చినది.

ఆ మాటకు పొడవైన చరిత్ర కలదు. ఆ చరిత్రలో ఒక ఘట్టమున, 1812వ సంవత్సరమున, ఆంగ్లదేశపు పార్లమెంటు ఈ మాటను శీర్షికగా నిలిపి ఒక మరణదండన శాసనమును చేసెను. కొయ్యయు, ఇనుమును కూర్చిన ఒక పనిముట్టును పగులగొట్టిన వానిని ఉరితీయవచ్చునని ఆ శాసనము చెప్పినది. ఈ ప్రసంగము ముఖ్యముగా ఆ ఘట్టమును గూర్చినది. అయినను అచ్చటికి చేరుటకు ముందు మాట నడచిన దారిని కొంత చూడవలసియున్నది.

వేయి సంవత్సరముల క్రిందటి ఆంగ్లమున దీనికి మూలమైన క్రియకు ‘ఉపకరించు, మేలు చేయు’ అని అర్థము. ‘ముందునకు’ అను అర్థముగల ఒక చిన్న మాటనుండి అది పుట్టినది. ముందునకు సాగించునది మేలు చేయునది అను భావము ఆ పుట్టుకలోనే ఉన్నది. కాలక్రమమున ఇల్లు కట్టువారు, కలపను కొలిచి, చెక్కి, పనికి వచ్చునట్లు సిద్ధపరచుటను ఈ క్రియతోనే చెప్పసాగిరి. సిద్ధపరచిన దూలములను కూర్చగా నిలిచిన కట్టునకు ఆ పేరే నిలిచినది. తరువాత ఎముకల కూర్పు అయిన మనుష్యదేహమునకును, ఒక వేళ మనస్సు ఉండు స్థితికిని ఆ మాటయే అన్వయించినది.

కలపను కూర్చినట్లే మాటలను కూర్చి శాసనము చేయుటయు ఆంగ్లమున ‘ఫ్రేము’ చేయుటయే. 1682లో విలియం పెన్ అను పెద్దమనిషి, అమెరికాలో తాను స్థాపించిన పెన్సిల్వేనియా వలసరాజ్యమునకు వ్రాసిన రాజ్యాంగపత్రమునకు ‘ప్రభుత్వపు ఫ్రేము’ అనియే పేరు పెట్టెను. న్యాయస్థానమున న్యాయమూర్తి నిందితునిపై అభియోగములను రూపొందించుటను నేటికిని ఈ క్రియతోనే చెప్పుదురు. వింత యేమనగా, ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళ అమెరికా వాడుకలో, నిరపరాధిపై దొంగసాక్ష్యముతో నేరము మోపుటకును ఇదే క్రియ నిలిచినది. మనవారు ‘కేసు బనాయించుట’ అనునది అచ్చముగా దీనివంటిదే. హిందీలో ‘తయారుచేయు’ అను అర్థముగల మాటయే అది. న్యాయము తయారుచేయుటకును, అన్యాయము తయారుచేయుటకును ఒకే క్రియ చాలినది.

మన మాటలలోను ఇట్టి విశేషము ఒకటి కలదు. ‘చట్టము’ అనగా నేడు మనకు శాసనమను అర్థమే ముందుగా తోచును. కాని అదే మాటకు చట్రమను అర్థమును ఉన్నది. తమిళమునందు ఆ రెండర్థములును నేటికిని సమానముగా వాడుకలో ఉన్నవి. పటమునకు కట్టిన కొయ్యయు చట్టమే, శాసనసభ చేసిన శాసనమును చట్టమే. దక్షిణదేశపు సామాన్యుడు, శాసనమనగా నలువైపుల బిగించి పట్టియుంచునది అని గ్రహించి ఈ మాటను వాడియుండవలెను. ఈ రెండర్థములును మనస్సులో నుంచుకొని ఆంగ్లదేశమునకు పోదము.

ఆంగ్లదేశపు నడుమనున్న నాటింగ్‌హాం మండలమున కాల్వర్టన్ అను గ్రామము కలదు. అచ్చటి విలియం లీ అను మతబోధకుడు 1589లో మేజోళ్ళు అల్లు యంత్రమొకటి నిర్మించెను. అంతవరకు మేజోళ్ళను స్త్రీలును, పురుషులును రెండు సూదులు చేతబట్టి, ఒక్కొక్క ఉచ్చునే వేయుచు అల్లుచుండిరి. లీ ఒక్కొక్క ఉచ్చునకు ఒక్కొక్క సూదిని కేటాయించి, వరుసనంతయు ఒక్కమారుగా అల్లు ఉపాయము కనిపెట్టెను. ఆ సూదులను, మీటలను మోయు బలమైన కొయ్యకట్టునుబట్టి యంత్రమునకే ఫ్రేము అను పేరు వచ్చెను.

ఎలిజబెత్తు రాణి ఈ యంత్రమునకు ప్రత్యేకహక్కు నిచ్చుటకు ఒప్పుకొనలేదనియు, చేతితో అల్లుకొని బ్రతుకు పేదల పొట్టకొట్టునను శంకయే అందులకు కారణమనియు ఒక కథ ప్రచారములో నున్నది. కథ యెట్లున్నను, లీ స్వదేశమున ఆదరము పొందలేక ఫ్రాన్సుకు పోయెను. అచ్చటి రాజు నాలుగవ హెన్రీ ఆశ్రయమిచ్చెను. కాని 1610లో ఆ రాజు హత్యకు గురియయ్యెను. లీ పరదేశమునందే మరణించెను. అతని సోదరుడు యంత్రములతో ఆంగ్లదేశమునకు తిరిగివచ్చినందున ఆ విద్య అచ్చట వేరూనినది. 1657లో క్రాంవెల్ పాలనలో ఫ్రేము అల్లికవారి సంఘమునకు అధికారపత్రము లభించినది. 1812 నాటికి దేశమున సుమారు 30,000 ఫ్రేములుండెను. వానిలో అధికభాగము నాటింగ్‌హాం, లెస్టర్, డార్బీ మండలములలో, పల్లెల ఇండ్లలోనే ఆడుచుండెను.

ఆ ఇండ్లకు గుర్తు పొడవైన కిటికీ. సన్నని సూదుల పనికి వెలుతురు మిక్కిలిగా కావలెను. గృహస్థు చేతులతోను, కాళ్ళతోను ఫ్రేమును ఆడించును. ఇల్లాలు అల్లిన బట్టను కుట్టి మేజోడుగా చేయును. పిల్లలు నూలు చుట్టుదురు. పని ఇంటిలోనే, పనిముట్టు ఇంటిలోనే; కాని పనిముట్టు ఇంటివానిది కాదు. ఫ్రేము కొనుటకు పెద్ద పెట్టుబడి కావలసి, పలువురు వర్తకునికి అద్దె చెల్లించి పని చేయుచుండిరి. నూలునిచ్చి సరకు తీసికొను వర్తకుడే సాధారణముగా ఫ్రేమునకు యజమాని. వారము చివర కూలి లెక్కకట్టునపుడు అద్దెను విరిచికొని మిగిలినది చేతిలో పెట్టును. పని తక్కువయైన వారమునను అద్దె తగ్గదు. అందుచే సరకునకు గిరాకి లేని కాలమున సహితము ఉన్న పనిని ఎక్కువ ఫ్రేములకు పంచి, ప్రతి ఫ్రేముమీదను అద్దె రాబట్టుకొనుట యజమానికి లాభముగా నుండెను. అల్లికవానికి అర్ధవారపు పని, పూర్తివారపు అద్దె.

ఇచ్చట ఒక ఫ్రేమును మరియొక ఫ్రేముగా భావింపరాదు. 1769లో రిచర్డు ఆర్క్‌రైట్ నూలు వడకు యంత్రమునకు ప్రత్యేకహక్కు పొందెను. 1771లో క్రాంఫర్డు గ్రామమున నీటిబలముతో దానిని నడుపుటకు మిల్లును నెలకొల్పెను. నీటితో నడచుటచే దానికి ‘నీటి ఫ్రేము’ అని పేరు. లోకమంతటి నూలుబట్టల చరిత్రను మార్చినది ఆ యంత్రము. కాని నాటింగ్‌హాం అల్లికవారు పగులగొట్టినది దానిని కాదు. వారు పగులగొట్టినది రెండు శతాబ్దములకు పైగా తమ తాతముత్తాతలకు అన్నము పెట్టిన మేజోళ్ళ ఫ్రేమును. కొత్త యంత్రమును చూచి బెదరిన మూర్ఖులని వారినిగూర్చి తరువాతివారు వ్రాసినది ఈ ఒక్క విషయముతోనే నిలువకుండ పోవును.

మరి ఏల పగులగొట్టిరి? ఆ సంవత్సరములలో నెపోలియనుతో యుద్ధము సాగుచుండెను. వర్తకపు తగాదాలచే 1811లో అమెరికా విపణి మూతపడెను. పంటలు సరిగా పండక రొట్టె ధర పెరిగెను. ఇట్టి సమయమున కొందరు వర్తకులు వెడల్పు ఫ్రేములమీద బట్టను థానుగా అల్లించి, దానిని మేజోళ్ళ ఆకారమున కత్తిరించి కుట్టించి, చవుకగా అమ్మసాగిరి. అంచు కట్టని ఆ సరకు కొద్దికాలములోనే విడిపోవుచుండెను. దానివలన మంచి సరకునకును చెడ్డపేరు వచ్చెను. పని పూర్తిగా నేర్వని వారిని తక్కువ కూలికి పెట్టుకొనుటయు, కూలిని డబ్బుగా కాక సరకుగా నిచ్చుటయు పెరిగెను. అల్లికవారి ఫిర్యాదు వీనిపైననే. యంత్రము ఉండరాదని వారనలేదు. దానిని పనివాని గొంతు నులుముటకు వాడరాదనిరి.

1811 మార్చి 11వ తేది రాత్రి ఆర్నల్డు గ్రామమున అరువదికి పైగా ఫ్రేములు ముక్కలయ్యెను. నవంబరు నుండి ఆ పని మరల విజృంభించెను. ముఖములకు మసి పూసికొని, సుత్తులు చేతబట్టి, రాత్రివేళ చిన్న చిన్న గుంపులు ఇండ్లలో ప్రవేశించుచుండెను. ‘జనరల్ లడ్’ అను పేరుతో యజమానులకు బెదరింపుజాబులు వచ్చుచుండెను. అట్టి మనుష్యుడు నిజముగా లేడు. కలసి పూనుకొన్న అజ్ఞాతుల గుంపునకు అది ఒక ముసుగు. రాబిన్‌హుడ్ కథలు పుట్టిన షెర్‌వుడ్ అడవియే తమ సేనానికి నివాసమని వారు వ్రాయుట ఆ దేశపు జనుల మనస్సునకు బాగుగా నాటినది. మరియొక విషయము గమనింపదగినది. ఒకే గదిలో నాలుగు ఫ్రేములున్నచో, కూలి తగ్గించిన యజమానివి విరుగగొట్టి, న్యాయముగా కూలి యిచ్చువానివి తాకకుండ పోయిన సందర్భములు కలవు. ఆ సుత్తి గుడ్డిది కాదు. అయినను రక్తపాతము తప్పలేదు. ఆ నవంబరులోనే బుల్‌వెల్ గ్రామమున ఒక ఇంటిపై దాడి చేయుచు జాన్ వెస్ట్లీ అను అల్లికవాడు తుపాకిగుండునకు బలియయ్యెను.

ఫ్రేమును పగులగొట్టిన వారికి 1788 నాటి శాసనము 7 మొదలు 14 సంవత్సరముల ద్వీపాంతరవాసమును విధించుచుండెను. అది చాలదని ప్రభుత్వము తలచెను. 1812 ఫిబ్రవరి 14వ తేదీన హోంమంత్రి రిచర్డు రైడర్ పార్లమెంటులో కొత్త బిల్లును ప్రతిపాదించెను. అందలి శిక్ష మరణము.

బిల్లు ప్రభువుల సభకు వచ్చినపుడు, ఫిబ్రవరి 27వ తేదీన, ఇరువదినాలుగేండ్ల యువకుడొకడు లేచి మాటలాడెను. అతడే కవి బైరను. ఆ సభలో అతని తొలి ప్రసంగమదియే. అతని పితరుల గృహమైన న్యూస్టెడ్ ఆబీ నాటింగ్‌హాం మండలముననే కలదు. అల్లికవారి దైన్యమును అతడు కన్నులార చూచియుండెను. తురుష్క రాజ్యమున పీడనకు గురియైన ప్రాంతములలో తాను తిరిగితిననియు, స్వదేశమునకు తిరిగివచ్చి చూచినంతటి దుర్గతి అచ్చటనైనను కనలేదనియు అతడు సభవారికి చెప్పెను. ఆకలిచే తెగించిన వానిని ఉరితో బెదరించుట వ్యర్థమని వాదించెను. సభ విని ఊరకుండెను. మార్చి 2వ తేదీన ‘మార్నింగ్ క్రానికల్’ పత్రికలో పేరు లేని గేయమొకటి వెలువడినది. ‘ఫ్రేము బిల్లును ఫ్రేము చేసిన వారికి’ అని దాని శీర్షికకు భావము. అది బైరను రచనయే. మార్చి 10న వెలువడిన ‘చైల్డ్ హెరాల్డ్’ కావ్యముతో అతనికి గొప్ప కీర్తి వచ్చినది. మార్చి 20న ఆ బిల్లు శాసనమైనది.

కవి ఆ శీర్షికలో చేసినది వట్టి శబ్దచమత్కారము కాదు. మేజోళ్ళు అల్లు చట్రమొకటి. ఆ చట్రమునకు కావలి కాయుటకు కూర్చిన చట్టమొకటి. మొదటిది కొయ్యతో చేసినది, రెండవది మాటలతో చేసినది. రెంటిని కూర్చిన క్రియ ఒక్కటే. మన భాషలో చెప్పవలసివచ్చినచో, చట్టము విరిచిన వానికి చట్టము ఉరి వేసినదనవలెను.

అదే సంవత్సరమున జరిగిన మరియొక సంగతి అంతగా ప్రసిద్ధి పొందలేదు. గ్రేవనర్ హెన్సన్ అను అల్లికవాడు, అతని మిత్రులును సుత్తిదారి విడిచి శాసనమార్గమును పట్టిరి. అల్లికవారి నుండి చందాలు పోగుచేసి, నాసిసరకును, కూలిలోని మోసములను అరికట్టుటకు పార్లమెంటున ఒక బిల్లును పెట్టించిరి. సామాన్యుల సభ దానిని సవరించి ఆమోదించెను. జూలైలో ప్రభువుల సభ దానిని త్రోసివైచెను. వర్తకమునకు, కూలికి నడుమ శాసనము జోక్యము చేసికొనరాదని అందులకు చెప్పిన నీతి. ఫ్రేమును కాపాడు శాసనమునకు పట్టినది ఐదు వారములు. ఫ్రేముపై వంగి పని చేయువానిని కాపాడు శాసనము ఆ యేడు పుట్టలేదు.

సుత్తి ఇతర మండలములకును పాకినది. యార్కుషైరులో ఉన్నిబట్ట నూగును కత్తిరించు పనివారు, తమ పనిని లాగికొనుచున్న కత్తెర ఫ్రేములపై తిరుగబడిరి. మార్స్‌డెన్ గ్రామపు టేలర్ కమ్మరిసోదరులు ఆ ఫ్రేములను చేయుచుండిరి. వానిని పగులగొట్టు పెద్దసుత్తులును ఆ కొలిమిలోనివే. అందుచే జనులు ఆ సుత్తికి కమ్మరి పేరైన ‘ఈనాక్’ అనియే పేరు పెట్టిరి. 1813 జనవరిలో యార్కునగరమున 17 మందిని ఉరితీసిరి. వారిపై మోపిన నేరములు హత్య, మిల్లుపై దాడి, దోపిడి. 1816లో లఫ్‌బరో పట్టణమున హీత్‌కోట్ అను యజమాని కర్మాగారములో ఏబదికి పైగా జాలరుబట్టల యంత్రములు విరిగెను. అతడు ఆ ఊరు విడిచి దూరమైన డెవన్ మండలమునకు తరలిపోయెను. పనిముట్టు పోయెను, పనియు పోయెను. సుత్తి తెచ్చిన ఫలితములలో దీనినికూడ లెక్కింపవలెను.

మేజోళ్ళ అల్లికవారి దుర్దశ అంతటితో తీరలేదు. 1840ల నాటికి ఫ్రేములు సుమారు 48,000 అయ్యెను. కూలి మాత్రము క్షీణించెను. 1845లో ప్రభుత్వము నియమించిన విచారణాధికారి వారి స్థితిని గ్రంథస్థము చేసెను. అందులోని ఫిర్యాదులలో ముఖ్యమైనది ఆ అద్దెయే. 1864లో లఫ్‌బరోలో విలియం కాటన్ శక్తితో నడచు క్రొత్త అల్లికయంత్రమునకు హక్కు పొందెను. 1874లో, కూలిలోనుండి ఫ్రేము అద్దెను విరుచుటను నిషేధించుచు పార్లమెంటు ఒక చట్టము చేసెను. అప్పటికి ఇంటి ఫ్రేముల కాలము ముగియవచ్చినది. నాటింగ్‌హాం చెంత రడ్డింగ్టన్ గ్రామమున ఆనాటి పనిశాలలను, ఫ్రేములను నేడు ప్రదర్శనశాలగా కాపాడుచున్నారు.

ఈ కథకు తెలుగుదేశముతో సంబంధము లేకపోలేదు. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమున ఈస్టిండియా కంపెనీవారి వర్తకస్థానము ఉండెడిది. గోదావరితీరపు నేతగాండ్రు నేసిన తెల్లని బట్ట అచ్చటినుండి ఓడలెక్కి, ‘మదపొల్లం’ అను పేరుతో ఆంగ్ల నిఘంటువులలోనికి సహితము ఎక్కినది. 1813 శాసనము భారతదేశముతో వర్తకమున కంపెనీకున్న గుత్తాధికారమును తీసివైచెను. ఆర్క్‌రైటు యంత్రసంతతి వడకిన నూలు, ఆ నూలుతో మిల్లులు నేసిన బట్ట మన రేవులలో దిగసాగెను. 1833 శాసనముతో కంపెనీ వర్తకమునే మానుకొన్నది. మదపొల్లము అను పేరు మాత్రము పోలేదు. ఆంగ్లదేశపు మిల్లులే ఆ పేరుతో బట్టను నేసి తూర్పుదేశములకు పంపినవి. ఊరు మనది, పేరు మనది, బట్ట వారిది.

మన నేతగాడు మరనూలు కొని మగ్గము నిలుపుకొనగలిగెను. రాట్నముపై నూలు వడకి నాలుగు కాసులు కూడబెట్టుకొను ఇల్లాలికి ఆ దారియు లేకపోయెను. నాటింగ్‌హాం అల్లికవాడు తన కష్టమునకు కారణమైన యజమాని ఫ్రేమును ఎదుట చూడగలిగెను. గోదావరితీరపు ఇల్లాలి రాట్నమును ఆపివేసిన ఫ్రేము సముద్రములకు ఆవల ఉండెను. పగులగొట్టుటకు గాని, సభలో నిలిచి అడుగుటకు గాని ఆమెకు తావు లేదు. ఆమె తరఫున ఏ సభలోను ఏ కవియు లేవలేదు.

చట్రము లేనిదే పటము నిలువదు. ద్వారబంధము లేనిదే తలుపు నిలువదు. చట్టము లేనిదే సంఘము నిలువదు. ఈ మాట పుట్టినపుడు దాని అర్థము మేలు చేయుట. ఆ మేలు ఎవరికి అను ప్రశ్నను 1812లో అల్లికవారు సుత్తితో అడిగిరి. హెన్సన్ అర్జీతో అడిగెను. బైరను ప్రసంగముతో అడిగెను. సుత్తికి జవాబుగా ఉరిత్రాడు వెంటనే వచ్చినది. అర్జీకి జవాబు వచ్చుటకు 1874 వరకు, అనగా అరువదిరెండేండ్లు పట్టినది. కొత్త యంత్రము వచ్చినపుడును, కొత్త చట్టము వచ్చినపుడును, దానిని కూర్చినవారు ఎవరు, అందులో బిగియువారు ఎవరు అని ముందుగానే అడుగు హక్కు జనులకున్నచోట, ఆ జవాబునకు అంతకాలము వేచియుండవలసిన పనిలేదు.